అడిగిన మెమరీ లేనప్పుడు

నవంబరు 11, 2013

దసరా ముందు నుంచి నన్ను సతాయిస్తున్న దొంగ ఈ రోజు దొరికాడు. పట్టుమని పది లైన్లు లేని కోడ్. రాసినవాడు కనిపిస్తే వాడి వేళ్ళు ఒక్కొక్కటే విరవాలనిపించింది.

వర్చువల్ మెషిన్ అంటే పెద్ద సర్వర్లో ఒక్కో కస్టమర్‌కు విడిగా ఇచ్చే కంప్యూటర్ లాంటిది. దాన్ని లేపేటప్పుడు కస్టమర్ నోరు తెరిచి అడుగుతాడు, నాకు విడిగా తీసిపెట్టిన మెమరీలోంచే ఇవ్వండి అని. ఉంటే ఇస్తాం. లేకపోతే లేదని చెప్పి ఆగాలి. మా సాఫ్ట్‌వేర్ ఆగదు. సర్వర్‌లో అందరూ పంచుకునే మామూలు మెమరీలోంచి గప్‌చుప్‌గా తీసి ఇచ్చేస్తుంది. ఒక్క మాట చెప్పదు. అడిగినవాడు తనకు కావలసింది దొరికిందనే అనుకుంటాడు. మెషిన్ నత్తలా పాకినప్పుడు మమ్మల్ని తిడతాడు, మేము వాడి నెట్‌వర్క్‌ను తిడతాం. ఇన్నేళ్ళుగా ఇదే భాగోతం.

తిట్లు నోట్లోంచి బయటికే వచ్చినట్టున్నాయి. అత్తమ్మ ఒళ్ళో పుంటికూర పెట్టుకుని నా గది గడప దగ్గర కూర్చుంది.

"ఎవల్ని తిడుతున్నవ్ బిడ్డా గట్ల?"

"మన ఇల్లు కిరాయికి ఇచ్చినమనుకో అత్తమ్మా. ఒకడొచ్చి తలుపున్న అర్రనే కావాలె అన్నడు. అర్ర ఖాళీ లేదు. లేదని చెప్పకుండ వరండల చాప ఏసి, గిదే నీ అర్ర అని పండవెట్టినం. మా సాఫ్ట్‌వేర్ గా పనే చేస్తుంది."

తుంచిన ఆకు పక్కన పెట్టింది. "మంచిదే గద. పండనీకె జాగనైతే దొరికింది. గన్ని ముచ్చట్లు అందరికి చెప్పుకుంటరా?"

నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. మా అత్తమ్మ అక్కమ్మ అంటే అంతే. నా మొగుడు స్టాన్లీకి తల్లి, ఈ ఇల్లు ఆమె పేర ఉంది, అయినా పెళ్ళయి ఇన్నాళ్ళలో నా మీద గొంతు లేపలేదు. ఎవరి మీదా లేపగా చూడలేదు.

కుడి మణికట్టు ఇంకా వాచే ఉంది. తలుపు సందులో పడింది. ఎడమ చేత్తోనే ఆ కోడ్‌ను సరిచేసే ప్యాచ్ రాసి, ఖేడ్‌లోని ఈ ఇంటి నుంచే హైదరాబాద్ ఆఫీసుకు పంపాను. అడిగిన మెమరీ లేకపోతే లేదని చెప్పి ఆగిపో. అంతే.


నవంబరు 14

దత్తు ఫోన్ చేశాడు. టీం లీడు. బీదర్ పక్క ఊరివాడు, వాడితో పోట్లాడితేగాని నాకు పని చేసినట్టుండదు.

"ప్యాచ్ మంచిగనే ఉన్నది కోమలా. కని నేను తీసుకోను."

"ఎందుకు తీసుకోవు?"

"గిసోంటిది ఒకటి ఉన్నదని గూడ తెల్వకుండ దాని మీదనే నడుస్తున్నరు మస్తు మంది. రేపు కొత్త వర్షన్ ఏసుకుంటరు, మెషిన్లు లేవవు. తెల్లారేసరికి నా ఫోన్ మోగుడే."

"లేవకుంటెనే తెలుస్తది దత్తూ. ఇప్పుడు లేస్తున్నయ్, నడుమల సస్తున్నయ్. గది మంచిగున్నదా?"

"దేనికన్నా ఒక పద్ధతి ఉంటది. ముందుగాల వార్నింగ్ ఇయ్యి. గీ సౌలత్ తీసేస్తున్నం, మీ ఏర్పాట్లు చూస్కోండ్రి అని. రెండు రిలీజులు ఆగు. గప్పుడు తియ్యి."

పద్ధతి అదేనని నాకూ తెలుసు. ఆ వార్నింగ్ పోయి, మెషిన్లు చేసిన ప్రతి పనీ రాసుకునే లాగ్‌లో పడుతుంది. లాగ్ చదివేవాడు ఈ భూమ్మీద పుట్టలేదు. కోపంతో ఫోన్ గోడకేసి కొట్టబోయి ఆగాను. కొనిచ్చింది స్టాన్లీ. పగిలితే ఊరుకోడు.


నవంబరు 22

ఈ రోజు ఏమీ జరగలేదు. మంచి రోజు.


డిసెంబరు 3

రాయకూడదనుకున్నాను.

నిన్న మధ్యాహ్నం స్టాన్లీ దుకాణం నుంచి అన్నానికి వచ్చాడు. బస్టాండు దగ్గర బైకుల స్పేర్ పార్టుల దుకాణం ఆయనది. సరిగ్గా అప్పుడే ఆఫీసు కాల్. వడ్డించి, చెవి దగ్గర ఫోన్ పెట్టుకునే నిలబడ్డాను. ఉప్పు అడిగాడట. నాకు వినబడలేదు. దత్తు ఏదో జోకు వేశాడు, నవ్వాను. వెనక్కి తిరిగి చూసేసరికి కంచం గోడకు తగిలి కింద పడింది, పప్పు గోడ వెంట కారుతోంది.

"ఎవనితోని నవ్వుతున్నవే?"

జవాబు చెప్పేలోపే హెల్మెట్ అందుకున్నాడు. మొదటి దెబ్బ భుజం మీద, రెండోది మోచేతి మీద, తర్వాతివి వీపు మీద. కింద పడ్డాక కాలితో తన్నాడు. ముఖం జోలికి రాడు. బట్టలు కప్పే చోట్లే చూసి కొడతాడు. పక్కింటి శంకరమ్మ టీవీ సౌండ్ పెంచింది. ఆమె టీవీ పెరిగిందంటే మా ఇంట్లో మొదలైందని వీధికంతా తెలుసు. టీవీ పెరిగింది కాబట్టి ఎవరికీ ఏమీ వినబడలేదనుకోవచ్చు.

అత్తమ్మ వచ్చి, "పో కొడుకా, దుకాణం కాడ గిరాకి వస్తది" అంటూ హెల్మెట్ పట్టుకుంది. ఇచ్చేశాడు. తల్లి మాట దాటడు, ఆ గుణం మంచిదే ఆయనలో.

సాయంత్రం తనే నూనె కాచి తెచ్చి వీపుకు రాశాడు. రాస్తూ ఏడ్చాడు. కరెంటు కోతలకు పంపుసెట్లు నడవక, రైతుల దగ్గర పైసల్లేక దుకాణం పడుకుంది పాపం. కాల్ తర్వాత మాట్లాడతానని నేను దత్తుకు చెప్పి ఉండాల్సింది. ఆయన అన్నానికి వచ్చే టైము నాకు తెలియనిదా.

తెలిస్తే మాత్రం, హెల్మెట్‌తో కొడతాడా?

ఈ లైను కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.


డిసెంబరు 19

క్రిస్మస్ నెల కదా, సంఘం ప్రార్థన కూటాలు ఇంటింటికీ తిరుగుతున్నాయి. ఈ రోజు మా వంతు. వసారా నిండా జనం. స్టాన్లీ ఢోలక్ వాయించాడు. వాయిస్తుంటే ఆ చేతుల వైపే చూస్తూ కూర్చున్నాను, ఎంత బాగా వాయిస్తాడో.

చాయ్ అందిస్తుంటే నా జాకెట్టు చెయ్యి పైకి జరిగింది. సంఘంలోని ఇంద్రమ్మ నా మోచెయ్యి పట్టుకుని దీపం వైపు తిప్పింది. "ఏందమ్మా గిది? గింత నల్లగ కమిలింది?" పాట అప్పుడే అయిపోయింది. అందరూ నా చేతినే చూస్తున్నారు. స్టాన్లీ ఢోలక్ మీద అరచేయి ఆనించి నా వైపు చూసి చిన్నగా నవ్వాడు.

కాలేబు పాస్టరు "ఇగ సాక్ష్యాలు చెప్పుండ్రి, ముందుగాల ఇంటోళ్ళు" అన్నాడు. ఎవరింట్లో కూటమైతే వాళ్ళే మొదట లేచి, దేవుడు తమకు చేసిన మేలు చెప్పాలి. లేచాను. నా నోరు దానంతటదే మాట్లాడింది.

"కల్హేర్ సంతకు పోయి వస్తుంటే బండి జారింది. చెయ్యి, వీపు మస్తు దెబ్బ తాకినయ్. తల పగిలేదే. ప్రభువు కాపాడిండు. మా ఆయన పొద్దుమాపు నూనె రాసి నన్ను సూసుకున్నడు. గీ మేలు కొరకు స్తోత్రం."

అందరూ స్తోత్రం అన్నారు. పాస్టరు స్టాన్లీ భుజం తట్టి, "పెండ్లానికి నూనె రాసే మొగోళ్ళు గీ రోజుల్ల ఎంతమంది ఉన్నరు? గిసోంటి కుటుంబాలు మనకు మాదిరి" అన్నాడు. చప్పట్లు కొట్టారు. స్టాన్లీ తల వంచుకున్నాడు, సిగ్గుపడినట్టు.

ఎంత బాగా చెప్పానంటే, బండి జారిన మలుపు ఇప్పుడు నాకే కళ్ళ ముందు కనబడుతోంది, కంకరతో సహా. దేవుని ముందు నిలబడి చెప్పిన మాట. ఇక దాన్ని వెనక్కి తీసుకునేదెట్లా?


జనవరి 20, 2014, హైదరాబాద్

రిలీజు పనికి వారం రమ్మన్నారు, వచ్చాను. నా వార్నింగ్ ఈ వర్షన్‌లో పోతోంది. 'మీరు అడిగిన మెమరీ దొరకలేదు, మామూలు మెమరీ వాడుతున్నాం, ఈ పద్ధతి త్వరలో తీసేస్తాం.' ఆ వాక్యం కోసం దత్తుతో గంటసేపు కొట్లాడాను. 'అధిక శ్రద్ధతో గమనించగలరు' అని పెడదామంటాడు. పెళ్ళి శుభలేఖ అనుకున్నాడేమో.

లేడీస్ హాస్టల్లో వెల్లకిలా పడుకుని నిద్రపోయాను. వెల్లకిలా పడుకుని ఎన్నాళ్ళయిందో.

ఇంటికి ఫోన్ చేస్తే అత్తమ్మ ఎత్తింది. "అందరం మంచిగున్నం బిడ్డా. నీ పని చూస్కో. ఇంక రెండు దినాలు ఉన్నా ఏం కాదు."


జనవరి 25

తిరిగొచ్చాను. స్టాన్లీ బస్టాండుకు వచ్చి బ్యాగు మోశాడు, ముఖం తేటగా ఉంది. మటన్ తెచ్చాడు. అత్తమ్మ మాత్రం గంజి తాగింది, పళ్ళు నొస్తున్నాయంది. చలికి కొంగు చెవుల మీదుగా బిగించి కట్టుకుంది. ఖేడ్‌లో ఈ ఏడు చలి బాగానే ఉంది.

శంకరమ్మ పాలు పోస్తూ, "గీ వారం మీ ఇంట్ల సప్పుడే లేదు" అంది. నేను లేకపోతే ఒక్క గిన్నె కింద పడలేదన్నమాట. మరి చిచ్చు ఎవరి దగ్గర ఉన్నట్టు? నా దగ్గరే, నా నోట్లోనే. ఆయన ఒట్టి మంచి మనిషి, నేను రెచ్చగొడతాను. దీన్ని గుర్తుపెట్టుకోవాలి.


మార్చి 9

వార్నింగ్ ఉన్న వర్షన్ కస్టమర్లకు వెళ్ళిపోయింది. ఒక్క కస్టమర్ కూడా ఇదేంటని అడగలేదు. నేను చెప్పానా లేదా, లాగ్ చదివేవాడు పుట్టలేదని.

ఆరాధన అయ్యాక కాలేబు పాస్టరు ఒక్కడే దొరికితే ఆగాను. చాలాసేపు ఎండల గురించి మాట్లాడి, చివరికి అన్నాను. "ఇంట్ల జర పరేషాన్ ఉన్నది పాస్టరూ."

"మీది సాక్ష్యమున్న కుటుంబం అమ్మా. సైతాను గసోంటి ఇండ్ల మీదనే కన్నేస్తడు. స్టాన్లీని పిలిచి మాట్లాడాల్నా?"

"వద్దు పాస్టరూ. జర ప్రార్థన చేయుండ్రి, సాలు."


మార్చి 10

పాస్టరు పిలిచి మాట్లాడాడు.

చిటికెన వేలు విరిగింది. ఎడమది. టైపింగుకు దానితో అంత పని లేదు.


ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

పొద్దున నుంచి ఉపవాసం. మూడు గంటలదాకా గుడిలో కూర్చున్నాం. ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగించారు, రెండోది స్టాన్లీ. 'నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు.' వెనక వరుస ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

ఇంటికొచ్చాక చెప్పాను, పెద్ద రిలీజు ఉంది, మే నెలంతా హైదరాబాద్ రమ్మంటున్నారని. ఉపవాసం విడిచాక చెప్పాల్సింది. నాకు బుద్ధి లేదు.

గొంతు పట్టుకున్నాడు. గోడకు ఆనించి రెండు బొటనవేళ్ళతో నొక్కాడు. ఇదివరకు గొంతు ఎప్పుడూ పట్టుకోలేదు. కాళ్ళు నేలకు అందడం మానేశాయి, చెవుల్లో హోరు, ఆయన ముఖం చుట్టూ నలుపు కమ్ముకొచ్చింది. ఇంత దగ్గర నుంచి చూస్తే ఆయన కళ్ళలో కోపం కూడా లేదు. బోల్టు బిగిస్తున్నప్పుడు దుకాణంలో ఎట్లా ఉంటాడో అట్లా ఉన్నాడు. చస్తున్నానని తెలిసింది.

అత్తమ్మ వచ్చి ఆయన చేతులకు వేలాడింది. "పోనియ్యి కొడుకా, పోనియ్యి. పనికి పోనియ్యి దాన్ని. పైసలొస్తయ్. నేనున్న గద, నేనున్న నీకు."

వదిలాడు. మంచినీళ్ళు మింగడానికి రాలేదు. వచ్చే నెల హైదరాబాద్ వెళ్తున్నాను. పారిపోతున్నానని కాదు. పని ఉంది.


మే 14, హైదరాబాద్

మెల్లగా రాస్తాను.

నిన్న ఒక కస్టమర్ దగ్గర మెషిన్ ఒకటి నడుస్తూ నడుస్తూ చచ్చిపోయింది. దాని తప్పేమీ లేదు. తనకిచ్చిన దాంట్లోనే సర్దుకుని మూల కూర్చుని పని చేసుకునే మెషిన్. ఎందుకు చచ్చిందో చూద్దామని దత్తు, నేను కూర్చున్నాం. ఈ రోజు మధ్యాహ్నానికి తెలిసింది.

అదే సర్వర్‌లో ఇంకో మెషిన్ ఉంది. విడిగా తీసిపెట్టిన మెమరీ కావాలని అడిగింది, దొరకలేదు. మా సాఫ్ట్‌వేర్ పద్ధతి ప్రకారం గప్‌చుప్‌గా అందరి మెమరీలోంచి ఇచ్చింది. అది తింటూ పోయింది. చివరికి సర్వర్‌లో చుక్క మిగల్లేదు. అట్లాంటప్పుడు సిస్టం ఎవరో ఒకరిని చంపి ఖాళీ చేసుకుంటుంది. తిన్నదాన్నే చంపాలని రూలేమీ లేదు. పక్కదాన్ని చంపింది.

"తిన్నది ఇంక మంచిగ నడుస్తనే ఉన్నది సూడు" అన్నాడు దత్తు.

"గిన్ని నెలలు ఎవరికి తెల్వలేదా దత్తూ?"

"ఎట్ల తెలుస్తది? పైకెళ్ళి చూస్తే సర్వర్ల సప్పుడు లేదు, అంత మంచిగున్నది. లోపల పక్కదాని నోటికాడిది గుంజుకుంటుంది. అది అడుగదు, అరువదు."

క్యాంటీన్‌లో అన్నం కలిపి కూర్చున్నాను. ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. నేను ఇక్కడున్న జనవరి వారం మా ఇంట్లో సప్పుడు లేదు. వాడికి, స్టాన్లీకి, ఆ వారం కోపం రాలేదా? వచ్చిన కోపం ఎక్కడికి పోయింది? గంజి. చెవుల మీద కొంగు. నేనున్న నీకు.

ఇంటికి ఫోన్ చేశాను. "మంచిగున్నం బిడ్డా" అంది అత్తమ్మ. మాటల మధ్య గాలి పోతోంది, ముందు పళ్ళు లేని మనిషి మాట్లాడినట్టు.

దత్తుకు ఇంటికి పోతున్నానని చెప్పాను. "ఇగ వార్నింగులు బంద్. నీ మొదటి ప్యాచే ఏస్త. లేకుంటే లేదని చెప్పి ఆగుతది" అన్నాడు.


మే 15

స్టాన్లీ దుకాణంలో ఉన్నాడు. అత్తమ్మ వంటింట్లో గోడకు ఆనుకుని బియ్యం ఏరుతోంది. ఇంత ఎండలో కూడా కొంగు చెవుల మీదుగా బిగించి ఉంది.

"చూపియ్యి అత్తమ్మా."

"ఏంది చూపిచ్చేది? ఆగమాగం వచ్చినవ్, బువ్వ తిన్నవా?"

కొంగు లాగేశాను. పెనుగులాడింది, వదల్లేదు. కుడి చెవి తమ్మె రెండుగా చీలి ఉంది, కమ్మ లాగినట్టు. మెడ వెనక, భుజాల మీద నల్లవి, పచ్చవి, పాతవాటి మీద కొత్తవి. ముందు పళ్ళు రెండు లేవు.

"ఎప్పటి సంది?"

"మీ మామ యేసయ్య ఉన్నప్పటి సంది నాకు అలవాటే. నువ్వు ఇంట్ల లేనప్పుడు వానికి పిచ్చి లేస్తది. కోపం యాడనో ఓ కాడ పోవాలె గద. నువ్వు సదువుకున్న పిల్లవు, నలుగుట్ల తిరిగేదానివి. నాదేమున్నది, కట్టె పానం."

"అరువనన్న అరువకపోతివి?"

"అరిస్తే శంకరమ్మ వింటది."

నాకు ఎంత కోపం వచ్చిందంటే ఆమె మీద చెయ్యెత్తాను. నిజంగా ఎత్తాను, రాస్తున్నాను. ఆమె తప్పుకోలేదు. కళ్ళు మూసుకుని, చెంప కొంచెం నా వైపు తిప్పి, బియ్యం చేట ఒలికిపోకుండా పక్కకు జరిపింది. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అట్లాగే నిలబడ్డాను.

జనవరిలో గంజి తాగుతుంటే నేను చూశాను. నాకు తెలియదు. చూశాను.

తిరిగి హైదరాబాద్ వెళ్ళను. ఆమెను వాడి దగ్గర ఒక్క పూట కూడా వదలను.


జూన్ 2

రాష్ట్రం వచ్చిన రోజు. పొద్దున్నుంచి డప్పులు, పటాకులు. శంకరమ్మ టీవీ పెట్టే అవసరం కూడా రాలేదు.

మధ్యాహ్నం స్టాన్లీ ముఖమంతా రంగుతో వచ్చాడు. మంచి హుషారు మీద ఉన్నాడు. ఇన్నాళ్ళూ నోరు మూసుకుని, అత్తమ్మకు అడుగు దూరంలో తిరుగుతున్నాను. ఈ రోజు చెప్పేశాను.

"అత్తమ్మ మీద ఇంకోపారి చెయ్యి పడితే స్టేషన్‌కు పోత."

నవ్వాడు. "పో. ఏమని చెప్తవ్? బండి మీదికెళ్ళి పడ్డ అని ఊరందరి ముందట సాక్ష్యం చెప్పినవ్ గదనే. దేవుని ముందట అబద్ధం ఆడినవా? నిన్నెవడు నమ్ముతడు?"

"ఎవడు నమ్మకున్నా పోత."

దుకాణం సంచిలోంచి బండి చైను తీశాడు. చేతికి ఒక చుట్టు చుట్టుకున్నాడు. మొదటి దెబ్బ నా నడుముకు తగిలింది, నిప్పు పెట్టినట్టయింది. రెండోదానికి అత్తమ్మ మధ్యలోకి వచ్చింది. నన్ను కొట్టే చెయ్యి ఆమె కోసం ఆగుతుందని ఇంతకాలం అనుకున్నాను. ఆగలేదు. చైను ఆమె ముంజేతి మీద పడింది, ఎముక విరిగిన చప్పుడు పటాకుల్లో కూడా వినబడింది. పడిపోతూ రోలు అంచుకు తల కొట్టుకుంది. అప్పుడు కూడా ఆమె అరవలేదు. "పో బిడ్డా, బయటికి పో" అంది నాతో.

పోలేదు. చైను పట్టుకున్న చేతిని కొరికాను, పళ్ళు దిగేదాకా. రక్తం నా నోట్లోకి వచ్చింది. వాడు నా జుట్టు పట్టి తల గోడకేసి కొట్టాడు, కొట్టాక మళ్ళీ కొట్టాడు. కాలి కింద రోకలి తగిలింది. తీసి మోకాలి చిప్ప మీద మోదాను. లేపి మళ్ళీ మోదాను. వాడు కూలబడి "అమ్మా" అన్నాడు. ఇంకో దెబ్బ తల మీద వేద్దామనిపించింది. వేసేదాన్ని. అత్తమ్మ ముక్కులోంచి రక్తం వస్తోంది, అందుకే రోకలి పారేసి ఆమెను లేపాను.

ఆటోలో సర్కారు దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ తల చూసి, చెయ్యి చూసి, ఎట్లా తగిలిందని అడిగింది.

"మెట్ల మీదికెళ్ళి పడ్డ" అంది అత్తమ్మ.

"పడలేదు. కొడుకు కొట్టిండు" అన్నాను. వరండాలో బెంచీల నిండా జనం. గొంతు పెంచాను. "స్టాన్లీ. నా మొగుడు. చైనుతోని కొట్టిండు. నన్ను గూడ కొడుతడు. నేను కూటంల చెప్పింది అబద్ధం. బండి జారలేదు. ఏ బండి జారలేదు."

అత్తమ్మ బాగున్న చేత్తో నా చెంప పగలగొట్టింది. జీవితంలో ఆమె ఒకరిని కొట్టడం అదే మొదలనుకుంటాను. "నా కొడుకును జైలుకు తోలుతవానే? దానికి నెత్తి కరాబైంది డాక్టరమ్మా, రాసుకోకుండ్రి."

చెంప మండుతుండగానే మొత్తం మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. డాక్టరమ్మ రాసుకుంది. పోలీసు వచ్చాడు. ఆయనకూ చెప్పాను.


జూన్ 4

వాణ్ణి తీసుకుపోయారు. అత్తమ్మ చేతికి కట్టుతో, తలకు కుట్లతో ఇంటికొచ్చింది. నాతో మాట్లాడదు. నేను వండితే తినదు. ఒంటి చేత్తో తన అన్నం తనే వండుకుంటోంది.

కాలేబు పాస్టరు వచ్చి, ఇంటి మాట ఇంట్లోనే ఉండాల్సిందని అన్నాడు. "మీకు చెప్పిన పాస్టరూ. మార్చిల. గా తెల్లారి నా వేలు విరిగింది" అని చూపించాను. చాయ్ తాగకుండానే పోయాడు.


జూన్ 10

మా కొత్త వర్షన్ బయటికి పోయింది. మెమరీ లేకపోతే మెషిన్ లేవదు, ఎందుకు లేవలేదో మొదటి లైనులోనే చెప్పి ఆగిపోతుంది. పొద్దున్నుంచి దత్తుకు ఫోన్లేనట. "తల్లిని చెల్లెను కలిపి తిడుతున్నరు కోమలా."

"తిట్టనీ. మెషిన్లు సచ్చినయా?"

"ఒక్కటి గూడ సావలే. లేవలేదు, గంతే. మెమరీ కలుపుకొని లేపుకుంటున్నరు."

సంతోషపడాలి. పడ్డాననుకుంటాను. అత్తమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. ఆమె బతికి నా ముందు ఉంది, అంతవరకు చాలు. నన్ను క్షమించకపోతే పోనీ.


జూన్ 16

వాడు బెయిలు మీద వచ్చాడు.

మధ్యాహ్నం, అన్నం వేళకే, నేను మోదిన కాలు కుంటుకుంటూ వచ్చాడు. లోపల గడియ వేసి ఉంది. ముందు మెల్లగా తట్టాడు, తర్వాత అరచేత్తో బాదాడు, తర్వాత తన్నులు. తలుపు చెక్క పైకి కిందికి ఊగింది. పోలీసులకు ఫోన్ చేశాను, వస్తున్నామన్నారు. "తలుపు తియ్యవే, నిన్ను సంపి మళ్ళ జైలుకు పోత" అని వీధంతా వినబడేలా అరుస్తున్నాడు.

అత్తమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. అప్పుడే అన్నం దించింది.

వాడి గొంతు మారింది. చిన్నపిల్లవాడిలా అయిపోయింది. "అమ్మా. ఆకలైతుందే. పొద్దుగాల కెళ్ళి ఏం తినలే. నువ్వన్న తియ్యే అమ్మా."

అత్తమ్మ లేచింది. నేను తలుపుకు వీపు ఆనించి అడ్డం నిలబడ్డాను. "వద్దత్తమ్మా. నీ కాళ్ళు మొక్కుత. తీస్తే ఇద్దరం సస్తం." ఆమె బాగున్న చేత్తో నా భుజం పట్టి పక్కకు నెట్టింది. ఆ చేతిలో అంత బలం ఉందని నాకు తెలియదు. వెళ్ళి గడియ మీద చెయ్యి వేసింది.

నేను కళ్ళు మూసుకున్నాను. నా పని అయిపోయిందనే అనుకున్నాను.

గడియ కదల్లేదు. కళ్ళు తెరిచి చూస్తే, చెయ్యి గడియ మీదే ఉంది, గట్టిగా కిందికి నొక్కి పట్టుకుంది. నుదురు తలుపుకు ఆనించింది. పళ్ళు లేని నోటితో, నేనెప్పుడూ వినని గొంతుతో అంది.

"అన్నం ఉన్నది కొడుకా. కూర ఉన్నది. నీకు పెట్టను."

అవతల చప్పుడు ఆగింది. తర్వాత తలుపు మీద ఇంకో తన్ను పడింది. అత్తమ్మ చెయ్యి తీయలేదు. అదే మాట మళ్ళీ అంది, ఈసారి అరిచి, వీధి చివరిదాకా వినబడేలా.